సర్దాబ్ బడి తనిఖీ

పైపులకు వేసిన అతుకులు సరిగా ఉన్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. కువైట్‌కు వచ్చినప్పటి నుంచీ అదే పని. తప్పు కనబడితే పసుపు కాగితం మీద రాసి కాంట్రాక్టరు చేతిలో పెడతాను. అది సరిదిద్దేదాకా అక్కడ పని ఆగిపోతుంది. ఈ అలవాటును ఆఫీసులోనే వదిలేసి ఇంటికి రావచ్చు కదా అంటే, నా వల్ల కాదు. మా ఆయన వండిన పప్పులో ఉప్పు తగ్గితే నా మొహంలోనే పసుపు కాగితం కనిపిస్తుందట. ఆయనంటాడు, నేను ఒప్పుకోను.

అందుకే మా తెలుగు సంఘం అధ్యక్షుడు గారు ఫోన్ చేసి, "మన సర్దాబ్ బడిని ఒకసారి చూసి రిపోర్టు ఇవ్వండి మేడమ్, మీరైతే మొహమాటపడరు," అన్నప్పుడు నాకు లోపల సంబరంగానే ఉంది. పైకి మాత్రం తీరిక లేదన్నట్టు రెండు నిమిషాలు బెట్టు చేశాను.

హవల్లీలో ఒక పాత బిల్డింగు కింద పెద్ద గది ఉంది. బేస్‌మెంటును ఇక్కడ సర్దాబ్ అంటారు. బిల్డింగు యజమాని మంచివాడు, ఆ గదిని మా సంఘానికి వాడుకోమని ఇచ్చాడు. ఏడాది కిందట ఒక టీచరమ్మ వచ్చి, శుక్రవారం పొద్దున పూట ఆ గది ఇస్తే పిల్లలకు తెలుగు చెబుతానంది. సంఘంవాళ్ళు ఒప్పందం రాసుకున్నారు. ఇరవై మందికి తగ్గకుండా పిల్లలుండాలి, ఏడాది చివర సగానికి పైగా పిల్లలకు చదవడం, రాయడం వచ్చి తీరాలి. లేకపోతే గది ఖాళీ చేయాలి. ఇప్పుడు ఏడాది నిండింది. అబాకస్ క్లాసువాళ్ళు ఆ శుక్రవారం పొద్దుటి కోసమే కాచుకుని కూర్చున్నారు. వాళ్ళ దగ్గర చేరడానికి పిల్లలు వరసలో ఉన్నారట.

"ఇంకో మాట మేడమ్," అన్నారు అధ్యక్షుడు గారు, గొంతు కొంచెం తగ్గించి. "అక్కడ అన్ని రకాలవాళ్ళ పిల్లలూ కలిసి కూర్చుంటున్నారు. దానివల్ల స్టాండర్డ్ ఏమన్నా దెబ్బ తింటుందేమో కూడా చూడండి."

నేను సరేనన్నాను. ఆ మాట అడిగినందుకు ఆయన మీద నాకేమీ కోపం రాలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మొదటి శుక్రవారం మెట్లు దిగి వెళ్ళేసరికి ఇరవై ముగ్గురు పిల్లలు చాపల మీద ఉన్నారు. ఏసీ పెద్దగా రొద చేస్తోంది. టీచరమ్మది కరీంనగర్ వైపు. మిగిలిన రోజుల్లో ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. నన్ను చూసి ఏ మాత్రం కంగారు పడలేదు, అది నాకు నచ్చలేదు. తనిఖీకి వెళ్తే ఎవరైనా కాస్త కంగారు పడాలి కదా.

"రండ్రి మేడమ్, కూసోండ్రి. మీరేం అడగాల్నో అడుగుండ్రి. నేనుంటే పిల్లలు నా మొఖం దిక్కే చూస్తరు, బయట నిలవడ్త," అని వెళ్ళిపోయింది.

పిల్లలు వయసును బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి కూర్చుంటారు. పన్నెండేళ్ళ డాక్టరు గారబ్బాయి ఆరేళ్ళ పిల్లల చాప మీద ఉన్నాడు. వాడికి గుణింతం దిద్దిస్తున్నది ఎనిమిదేళ్ళ అమ్మాయి, వాళ్ళ నాన్న ఒక కంపెనీలో డ్రైవరు. ఇద్దరికీ ఇది మామూలే. అధ్యక్షుడు గారి అనుమానం గుర్తొచ్చి, స్టాండర్డ్ ఇక్కడ ఎవరి వల్ల దెబ్బ తింటోందో రాయాల్సి వస్తే ఆ డాక్టరు గారికే కష్టం అనుకున్నాను.

నా పరీక్ష నేను తయారు చేసుకునే వెళ్ళాను. పది వాక్యాల డిక్టేషన్. తర్వాత "మా ఊరు" అనే విషయం మీద ఐదు వాక్యాలు. చిన్నప్పుడు మేం రాసిందే, అంతకంటే తేలికది ఇంకేముంటుంది? పిల్లలు మాత్రం తలలు గోక్కున్నారు. చెరువు, పొలం, ఎడ్లబండి అని ముగ్గురు ఏ పుస్తకంలోనో చదివింది దించేశారు. తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె మాత్రం నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా రాసింది.

"మా ఊరు ఎగైలా. మా ఊల్లో పెద్ద మాల్ ఉంది. మా ఊల్లో లిఫ్టు పాడైతే అందరూ మెట్లమీద కలుసుకుంటారు. అప్పుడు మా అమ్మకి కొత్త ఫ్రెండ్స్ దొరుకుతారు. మా ఊరి పిల్లులు ఎవరి మాటా వినవు."

ఎగైలా అంటే ఇక్కడే కువైట్‌లో ఒక పేట. నాకు నవ్వొచ్చింది. కానీ పరీక్ష పరీక్షే. నేనడిగింది సొంత ఊరు. ఆ పిల్ల సొంత ఊరు కాకినాడ దగ్గర ఎక్కడో ఉందని ఇంజనీరైన వాళ్ళ నాన్న ఫారంలో స్పష్టంగా రాశాడు. విషయం తప్పినందుకు సున్నా వేశాను.

ఆ తర్వాత మార్కుల రిజిస్టరు తెరిచాను. "పరీక్ష చేసినవారు" అనే గడిలో టీచరమ్మ సంతకం ఒక్కటీ లేదు. టైలర్ గారు, మెస్ పెద్దాయన, మిష్రిఫ్ పిన్ని, ఇవీ పేర్లు. మిష్రిఫ్ పిన్ని దగ్గర సంతకం బదులు వరసగా సున్నాలు చుట్టి ఉన్నాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గదిలోంచే కేక వేశాను.

"ఏంటమ్మా ఇది? చొక్కాలు కుట్టేవాళ్ళు పిల్లలకు మార్కులేయడమేంటి?"

టీచరమ్మ నెమ్మదిగా వచ్చి నిలబడింది. "నేనే నేర్పి నేనే మార్కులేస్తే అందరికి పదికి పదే వేస్త మేడమ్. నా మనసు మెత్తన. గందుకే ఒక్కొక్కలకు ఒక పని చెప్త. తెలుగుల మాట్లాడి, తెలుగుల రాసి ఆ పని చేసుకొని రావాలె. అయ్యిందా లేదా, ఎంత మంచిగ అయ్యింది, గది ఆ పెద్దమనుషులే చెప్పాలె."

పని చేసినవాడు తన పనిని తానే పాస్ చేసుకోకూడదని నేను కాంట్రాక్టర్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు. అదే మాట ఆమె నోట వింటుంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. "పరీక్షించేవారికి అర్హత లేదు" అని పసుపు కాగితం రాసి, స్వయంగా వెళ్ళి తేల్చుకుంటానని చెప్పి మెట్లెక్కాను.

సోమవారం ఆఫీసు అయ్యాక టైలర్ దగ్గరికి వెళ్ళాను. ఫోన్లూ కంప్యూటర్లూ అమ్మే దుకాణాల వెనక సందులో చిన్న కొట్టు. ఆయనది కోనసీమ. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. నేనెవరో చెప్పాక కుర్చీ తుడిచి వేశాడు గానీ, మార్కుల విషయంలో మాత్రం అంగుళం కదల్లేదు.

"పిల్లోడు వచ్చి చొక్కా ఎలా కావాలో నోటితో చెప్పాలండి. ఫోన్లో బొమ్మ చూపించకూడదండి. చెప్పింది చెప్పినట్టు కుడతానండి. ఒక బాబు జేబు కుడి వైపన్నాడండి. కుడి వైపే కుట్టానండి. పదికి నాలుగు వేశానండి."

"అయ్యో, పాపం! చిన్నపిల్లాడు కదండీ."

"పాపం అంటే జేబు ఎడమ వైపుకొచ్చేస్తుందేంటండి?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఆ చొక్కా తొడుక్కునే తిరిగేడండి. తరవాత రెండు చొక్కాలకీ జేబూ గుండీలూ కాలరూ అన్నీ పొల్లుపోకుండా చెప్పేడండి. తొమ్మిదిచ్చానండి."

మిగతా ఒక్క మార్కు ఎందుకు తగ్గించారని అడిగాను. చొక్కా గురించి చెబుతూ మధ్యలో ఆ పిల్లాడు ఫోన్ మాట్లాడాడట. బయటికొచ్చాక సందులో నిలబడి ఒంటరిగా నవ్వుకున్నాను. మా కంపెనీలో ఇలాంటి ఇన్‌స్పెక్టరు ఒక్కడుంటే నా ఉద్యోగానికే ఎసరు.

రెండో శుక్రవారం మిష్రిఫ్ పిన్ని కోసం వెళ్ళాను. ఆమె మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేస్తుంది. రాయచోటి వైపు మనిషి. రెండు వారాలకొక శుక్రవారం సెలవు. ఆ ఇంటి డ్రైవరు పొద్దున్నే ఇక్కడ దింపి, సాయంత్రం అయిదుకు వచ్చి తీసుకెళ్తాడు. ఆ రోజు ఆమె గోడవార కూర్చుని తలుపు వైపే చూస్తోంది.

"మా ఎగైలా పాప రాల్యా మేడమ్. జరమంట," అంది దిగులుగా.

సంగతేమిటో అప్పుడు తెలిసింది. ఆమె కూతురు ఎనిమిదో తరగతి, గురుకులం హాస్టల్లో ఉంటుంది. అక్కడ పిల్లలకు ఫోన్లు ఇవ్వరు. ఉత్తరాలైతే చేరతాయి. పిన్నికి చదువు రాదు. అందుకని ఆమె చెబుతుంటే ఎగైలా అమ్మాయి ఉత్తరం రాస్తుంది, చదివి వినిపిస్తుంది. దాన్ని ఫోటో తీసి పంపితే, హాస్టల్ ఎదురుగా జిరాక్స్ షాపులో పనిచేసే పిన్ని తమ్ముడు ప్రింటు తీసి వాచ్‌మన్ చేతికిస్తాడు. కూతురు జవాబుతో పాటు పాత ఉత్తరాన్ని కూడా ఎర్ర పెన్నుతో దిద్ది, మార్కులేసి, మామయ్య చేతే ఫోటోలు తీయించి వెనక్కి పంపుతుంది. ఆ మార్కులు ఎన్నో చెప్పించుకుని పిన్ని రిజిస్టర్లో అన్ని సున్నాలు చుడుతుంది.

టీచరమ్మ వాటి ప్రింట్లున్న ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. ఏడాది ఉత్తరాలు వరసగా ఉన్నాయి. మొదటి కాగితం మీద కారం చల్లినట్టు అంతా ఎరుపే. పది కాగితాలు తిప్పేసరికి ఎరుపు సగమయ్యింది. చివరి దాంట్లో రెండే రెండు గీతలు, పక్కన "శభాష్ చెల్లీ" అని రాసి ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత శుభ్రమైన రికార్డు నేను చూడలేదు. కానీ నాకది వెంటనే ఒప్పుకోవడం ఇష్టం లేదు.

"పాప రాకపోతే ఏమైంది, నేను రాస్తాను చెప్పమ్మా," అన్నాను. అరగంటలో తేలిపోయే పని, నా కంటే బాగా ఎవరు రాస్తారు అనే ధీమా.

పిన్ని మొహం వెలిగిపోయింది. చెప్పడం మొదలుపెట్టింది.

"మామా నిన్న నా సంగటి తినింది. ఇదేం, సిమెంటా అని అడిగింది. నాకు నవ్వొచ్చె. ఆమె గూడా నవ్వె. మళ్ళ ఇంకో ముద్ద పెట్టమనె. అట్లనే రాయండి మేడమ్. చలికాలం వస్చాంది, కొత్త స్వెట్టరు పెట్లో దాయొద్దు, ఏసుకోమని రాయండి. ఎవురన్నా కొడితే ఏడ్సుకుంటా కూసోకుండా టీచరుకు చెప్పమనండి."

నేను చకచకా రాసేశాను. మామా అంటే ఆ ఇంటి యజమానురాలని నాకు తెలుసు. కానీ సిమెంటు, ముద్ద అవన్నీ ఉత్తరంలో ఏం బాగుంటాయి? "యజమానురాలు మన ప్రాంతపు ఆహారాన్ని మెచ్చుకున్నారు. శీతాకాలంలో ఉన్ని దుస్తులు తప్పక ధరించాలి. ఏ సమస్య ఎదురైనా ఉపాధ్యాయుల దృష్టికి తీసుకువెళ్ళాలి." అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. చదివి వినిపించాను.

పిన్ని కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుండాది మేడమ్. శానా పెద్ద సదువు మీది," అంది.

"మరి మార్కులు?"

"ఇప్పుడే యాడ మేడమ్! మా పాప జవాబు రావల్ల గదా."

నన్ను రెండు వారాలు ఆగమంటోంది. ఆగక చేసేదేముంది?

ఆ శనివారం ఇంట్లో కూర్చుని నా పరీక్ష పేపర్లు దిద్దాను. పదకొండు మంది పాసయ్యారు. ఇరవై ముగ్గురిలో సగానికి పైగా అంటే పన్నెండు కావాలి. ఒక్కరు తక్కువ. ఆ పన్నెండో పేపరు ఎగైలా అమ్మాయిది. "మా ఊరు"కు నేను సున్నా వేయకపోతే ఆ పిల్ల గట్టెక్కేది.

"ఆ సున్నా కొట్టేసెయ్యి," అన్నాడు మా ఆయన, ఉల్లిపాయలు తరుగుతూ.

"గీత అటూ ఇటూ జరిపితే అది తనిఖీ ఎలా అవుతుంది? జానెడు తేడాకి కాదు, మిల్లీమీటరు తేడాకి పైపు కోయించినదాన్ని."

"అయితే ఆ పిన్నికి ఉత్తరాలు ఎవరు రాస్తారు? నువ్వా?"

"నేనే రాస్తాను, ఏం?" అన్నాను. అన్నాను గానీ మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుంది. గది పోతే ఆ ఫైలు అక్కడితో ఆగిపోతుంది. హాస్టల్లో ఒక పిల్లకు వాళ్ళమ్మ కబుర్లు ఆగిపోతాయి. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పప్పు బాగానే ఉందని మాత్రం చెప్పాను.

పిన్ని మళ్ళీ వచ్చిన శుక్రవారమే సంఘం మీటింగు. పొద్దున నేను సర్దాబ్‌లో అడుగు పెట్టేసరికి ఎగైలా అమ్మాయి జ్వరం తగ్గి వచ్చేసింది, పిన్నికి ఆమె ఫోనులోంచి జవాబు చదివి వినిపిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ చప్పున ఆపేశారు. నాకు విషయం అర్థమై ఫోను అందుకున్నాను. నా ముత్యాల్లాంటి అక్షరాల మీద అడ్డంగా ఎర్ర గీత. కింద గుండ్రటి చేతిరాత.

"అమ్మా, ఇది ఎవరు రాసినారు? నువ్వు ధరించాలి అనవు. మామా ఏం తినింది, నువ్వు ఏం నవ్వుకున్నావు ఏమీ లేదు. హెడ్‌మాస్టరు నోటీసు మాదిరి ఉంది. నీకు బాగలేదేమో అని భయపడినాను. మళ్ళీ చెల్లి చేతనే రాయించు. అక్షరాలు బాగున్నాయి కాబట్టి పదికి మూడు."

భయపడినాను అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. నేను ఒక్క అక్షరం తప్పు రాయలేదు, అయినా ఆ పిల్లకు వాళ్ళమ్మ చేరలేదు.

"ఆంటీ, మీరు బాధపడకండి. నాకు మొదట్లో ఒకటే వచ్చింది," అంది ఎగైలా అమ్మాయి. చాప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "పిన్ని ఏం చెబితే అదే రాయాలి. మనకు నచ్చింది రాయకూడదు. అంతే."

తర్వాత తను రాస్తుంటే చూస్తూ కూర్చున్నాను. సిమెంటు వచ్చింది, నవ్వొచ్చె వచ్చింది, ఇంకో ముద్ద వచ్చింది. పెట్టె దగ్గర ఒక ఒత్తు ఎగిరిపోయింది. నా చెయ్యి దిద్దడానికి లేచి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది. దిద్దాల్సినవాళ్ళు హాస్టల్లో ఉన్నారు.

మధ్యాహ్నం మీటింగు అదే గదిలో జరిగింది. పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకెళ్ళిపోయారు. టీచరమ్మ మూల కుర్చీలో కూర్చుంది. పిన్ని మాత్రం బయట మెట్ల మీదే ఉండిపోయింది, డ్రైవరు రావడానికి ఇంకా టైముందంది.

"పాసా ఫెయిలా, ఒక్క ముక్కలో చెప్పెయ్యండి మేడమ్," అన్నారు అధ్యక్షుడు గారు.

"నా పరీక్షలో పదకొండు మంది పాసయ్యారు. పన్నెండు కావాలి," అన్నాను. టీచరమ్మ తల వంచుకుంది. అబాకస్ ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "కానీ దాంతో పాటు ఇది కూడా తీసుకోండి," అని ఒక పసుపు కాగితం ఇచ్చాను. దాని మీద నా పేరే రాసుకున్నాను. తప్పు: ఎగైలాలో పుట్టి పెరిగిన పిల్లను మా ఊరు గురించి రాయమని అడిగి, ఎగైలా గురించి రాస్తే సున్నా వేయుట. పరీక్ష చెల్లదు.

"మరి ఏది చెల్లుతుంది?" అన్నారాయన.

ఫైలు ముందు పెట్టాను. నేను రాసిన ఉత్తరం, దాని మీద వచ్చిన మూడు మార్కులు కూడా అప్పటికప్పుడు ప్రింటు తీయించి అందులోనే పెట్టాను. ఆయన మొదట కళ్ళజోడు సర్దుకుని కాగితాలు తిప్పారు. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టారు. హెడ్‌మాస్టరు నోటీసు దగ్గర కమిటీ అంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. నవ్వులన్నీ అయ్యాక ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళి, మొదటి ఉత్తరం నుంచి చివరిదాకా మౌనంగా చదివారు. మేమంతా ఏసీ రొద వింటూ కూర్చున్నాం.

"ఇంతకీ ఆ వంట సంగతి ఏంటి? మామా నిజంగా మెచ్చుకుని తిన్నదా?" అని అడిగారు.

"తింది. సంగటి, ఇంకో ముద్ద అడిగి మరీ. ఇవాళ్టి ఉత్తరంలో ఉంది."

"అన్ని రకాల పిల్లలూ కలిసి కూర్చోవడం గురించి ఏం రాశారు?"

"ఇంజనీరు గారమ్మాయి ఇంటిపని చేసే ఆవిడని పిన్నీ అంటుంది. మన సంఘం పిక్నిక్‌లో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. అదే రాశాను."

ఆయన ఒప్పంద పత్రం తీసి, ఇంకో ఏడాదికి తారీఖు వేసి సంతకం పెట్టారు. అబాకస్‌కు శనివారం ఇస్తామన్నారు. శనివారమైతే ఇంకా మంచిదేనట ఆయనకు, ముందే అడిగి ఉంటే సరిపోయేది. టీచరమ్మ లేచి అందరికీ నమస్కారం పెట్టి, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "వచ్చే ఏడు మీరు గూడ మార్కులేసేటోళ్ళల్ల ఉండాలె మేడమ్," అంది. ముందు నేర్చుకోనివ్వమన్నాను.

మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి పిన్ని లేచి నిలబడి ఉంది. చేతిలో కొంగు నలిగిపోయింది. బయట కారు హారను మోగుతోంది.

"ఏమాయె మేడమ్? ఖలాసా?"

"లేదమ్మా. ఇంకో ఏడాది బడి ఉంటుంది."

ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, గబగబా లోపలికెళ్ళి రిజిస్టరు తెచ్చింది. కొత్త పేజీలో ఎగైలా అమ్మాయి అప్పటికే నా పేరు రాసి పెట్టిందట. పిన్ని పెన్ను గట్టిగా పట్టుకుని దాని పక్కన మూడు సున్నాలు చుట్టింది. నాలుగోది కూడా చుడుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆమె పెన్ను మూత పెట్టేసింది.

"పాప ఇచ్చినవే ఏసినా మేడమ్. నేనేం పెంచల్యా," అంది. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "పైవారం గాక ఆ పై శుక్రవారం రాండి. శానా కబుర్లు ఉండాయి. ఈసారి నేను చెప్పినట్టే రాయండి," అంది.